కాలిన క్వాడ్‌బైక్‌లో ఏది పనికొస్తుంది?

ఋషికొండ బీచ్‌లోనో, వికారాబాద్ దగ్గరి రిసార్టుల్లోనో నాలుగు లావుపాటి టైర్లతో, మోటార్‌సైకిల్ హ్యాండిల్‌తో మట్టిలో దూసుకుపోయే బండిని చాలామంది చూసే ఉంటారు. మనకది సరదా బండి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, బ్రిటన్ రైతులకు మాత్రం పని బండి. గొర్రెలను మళ్ళించాలన్నా, కంచెలు చూసి రావాలన్నా, మేత మోయాలన్నా వాళ్ళు బయటికి తీసేది క్వాడ్‌బైక్‌నే. 1970లో హోండా అమెరికాలో మూడు చక్రాల బండిని అమ్మడంతో ఈ రకం వాహనాలు జనంలోకి వచ్చాయి. 1980ల మొదట్లో సుజుకి నాలుగు చక్రాలతో తెచ్చింది.

ఈ బండికి నిప్పంటుకుంటే ఆర్పేలోపే చాలావరకు అయిపోతుంది. పైనున్నదంతా ప్లాస్టిక్కే. సీటులో ఫోమ్, దాని పక్కనే పెట్రోలు ట్యాంకు, చాలా మోడళ్ళలో అదీ ప్లాస్టిక్కే. చివరికి మిగిలేది నల్లబడ్డ ఇనుప చాసిస్, మసిపట్టిన ఇంజన్, టైర్ల అంచుల్లోంచి బయటపడ్డ తీగ చుట్టలు. చూసినవాళ్ళు పాత ఇనుము కొట్టుకు వేసేయమంటారు. అయినా ఓపికున్నవాళ్ళు ఇంటి షెడ్డులోనే ఇలాంటి బండ్లను తిరిగి నిలబెడుతున్నారు. అది సాధ్యమయ్యే పనే. కాకపోతే పానా పట్టడానికి ముందు ఏ భాగం ఎంత వేడి చూసిందో పోల్చుకోవడం రావాలి. మంటలో లోహానికి జరిగే అసలు నష్టం కంటికి కనబడదు. మసిపట్టి వికారంగా ఉన్నది గట్టిగానే ఉండొచ్చు. తుడవగానే తళతళలాడేది లోపల మెత్తబడిపోయి ఉండొచ్చు.

అన్నిటికంటే తొందరగా చేయాల్సింది కడగడం. మంట ఆరినా నష్టం ఆగదు. వైర్ల మీది తొడుగు చాలావరకు పీవీసీ. ఆ ప్లాస్టిక్ బరువులో సగానికి పైగా క్లోరినే. కాలినప్పుడు అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా మారి, పొగతో పాటు బండంతా పరుచుకుంటుంది. గాలిలోని తేమ తగలగానే హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. మంట ఛాయలకు కూడా రాని వెనక యాక్సిల్ నాలుగు రోజుల్లో ఎర్రటి తుప్పు పట్టిందంటే కారణం ఇదే. నిప్పు ఒక మూలే కాల్చినా, పొగ మాత్రం బండి మొత్తాన్ని పట్టుకుంటుంది.

మంటలార్పే సిలిండరు వాడితే ఇంకో చిక్కు. ఏబీసీ రకం పౌడరులో ప్రధానంగా ఉండేది మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. పొడిగా ఉన్నంతసేపు పెద్దగా హాని చేయదు. తడిస్తే ఆమ్లగుణం వచ్చి అల్యూమినియాన్ని, రాగి కనెక్షన్లను తినడం మొదలుపెడుతుంది. కాబట్టి ఆ పౌడరును ముందు బ్రష్‌తో, వాక్యూమ్‌తో పొడిగానే తీసేయాలి. ఆ తర్వాత ఇంజన్ రంధ్రాలన్నీ మూసి, వంటసోడా కలిపిన నీళ్ళతో బండిని కడిగి, మంచినీళ్ళతో జాలాడించి, పూర్తిగా ఆరబెట్టి, పల్చగా నూనె పట్టించాలి. వంటసోడా బదులు చాకలి సోడా గానీ, కాస్టిక్ సోడా గానీ వాడకూడదు. అవి అల్యూమినియం మీదుండే రక్షక పొరను కరిగించి లోహాన్నే తినేస్తాయి.

చేతికి తొడుగులు తప్పనిసరి. కార్బురేటరులోని కొన్ని వాషర్లు, ఇంజన్‌లోని కొన్ని ఆయిల్ సీళ్ళు ఫ్లోరిన్ కలిసిన రబ్బరుతో చేస్తారు. అది తీవ్రమైన మంటలో కాలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. చర్మం మీద పడ్డ వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, ఈలోగా లోపలికి ఇంకి ఎముక దాకా పోతుంది. జిగటగా నల్లటి ముద్దగా మారిన సీలు కనబడితే వట్టి చేత్తో ముట్టుకోవద్దు. గ్యాసు నింపిన షాక్‌అబ్జార్బర్లను డ్రిల్ చేసి విప్పే ప్రయత్నమూ వద్దు.

కడిగి ఆరబెట్టాక అసలు పరిశీలన మొదలవుతుంది. ఏది కరిగింది, దాని పక్కనే ఉన్నది ఏది కరగలేదు అన్నది చూస్తే అక్కడి వేడి ఎంతో తేలిపోతుంది. పాలిథీన్ 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, పాలీప్రొపిలీన్ 165 దగ్గర. పాత కనెక్షన్లలోని సీసం, తగరం కలిసిన టంకం 183 దగ్గర జారిపోతుంది. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 దాకా తట్టుకుంటుంది. జింకు మిశ్రమంతో పోత పోసిన చిన్న భాగాలు 380 దాటగానే కారిపోతాయి. అల్యూమినియం మిశ్రమాలు 550కి పైన మెత్తబడి కరగడం మొదలుపెడతాయి. రాగి కరగాలంటే 1085 కావాలి. ఎడమవైపు అల్యూమినియం కవరు జారి గడ్డకట్టి ఉండి, కుడివైపు నైలాన్ క్లిప్పు అలాగే ఉంటే, ఒకే బండిలో రెండు వైపులకూ సుమారు 300 డిగ్రీల తేడా ఉందన్నమాట. ఏదీ విప్పకముందే అన్ని కోణాల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకుంటే ఈ లెక్క తర్వాత ప్రతి నిర్ణయానికీ పనికొస్తుంది.

ఏమీ కరగని చోట ఉక్కు రంగు చూడాలి. వెనక యాక్సిల్ మీద బిగించి ఉన్న కాలరును వదులు చేసి పక్కకు జరపండి. దాని కింద మసి చేరని మేర కనబడుతుంది. గుడ్డతో తుడిస్తే ఒక చోట లేత ఎండుగడ్డి రంగు, అది గోధుమరంగులోకి తిరిగి, ఊదా అయి, అంచు దగ్గర నెమలికంఠపు నీలంగా ఉండొచ్చు. ఇది రంగు కాదు, పట్టిన పదార్థమూ కాదు. వేడికి ఉక్కు మీద ఏర్పడిన అతి పల్చని ఆక్సైడ్ పొర. ఆ పొర పైభాగం నుంచి, అడుగుభాగం నుంచి వెనక్కి వచ్చే కాంతి ఒకదానితో ఒకటి కలిసి, పొర మందాన్ని బట్టి రంగు తేలుతుంది. లేత పసుపు సుమారు 220 డిగ్రీలకు, గోధుమరంగు 255కు, ఊదా 280కి, నీలం 300కు గుర్తు. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉన్నా రంగు ముదురుతుంది కాబట్టి ఇది అంచనాయే. అయినా మన కమ్మరులు తరతరాలుగా కొడవలికి, ఉలికి పదును పట్టేటప్పుడు నమ్ముకున్నది ఈ రంగులనే.

చాసిస్ విషయంలో కంగారు పడనక్కరలేదు. ఎక్కువ క్వాడ్‌బైక్‌ల చాసిస్ తక్కువ కార్బన్ ఉన్న ఉక్కు గొట్టాలతో వెల్డింగ్ చేసినదే. 600 డిగ్రీల దగ్గర ఆ ఉక్కు బలం సుమారు సగానికి పడిపోతుంది నిజమే, కానీ చల్లారితే చాలావరకు తిరిగి వస్తుంది. దాని బలం వేడిచేసి ప్రత్యేకంగా ఇచ్చినది కాకపోవడమే కారణం. వేడిలో బరువుకు వంగిందా లేదా అన్నదే చూడాలి. ఒక మూల బోల్టు రంధ్రం నుంచి ఎదుటి మూల రంధ్రానికి దారం లాగి రెండు వైపులా ఐమూల కొలతలు పోల్చితే వంకర దొరికిపోతుంది. గొట్టం మీద నల్లటి పెచ్చులు రేకుల్లా రాలుతుంటే మాత్రం అక్కడ 600 దాటిందని, గోడ మందం కూడా తగ్గిందని అర్థం. ఆ ముక్క కోసి కొత్తది వేయించాలి. రేసు బండ్లలో వాడే గట్టి మిశ్రమ ఉక్కు గొట్టాలకు, చల్లగా లాగి బలం పెంచిన గొట్టాలకు ఈ ధీమా వర్తించదు.

అల్యూమినియం దగ్గరే మనుషులు మోసపోతారు. ఈ లోహాన్ని గట్టిపరిచే కథ 1906లో బెర్లిన్ దగ్గర మొదలైంది. తూటాల తొడుగుకు ఇత్తడి బదులు తేలికైన లోహం కోసం వెతుకుతూ ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్ శాస్త్రవేత్త అల్యూమినియంలో రాగి, కొద్దిగా మెగ్నీషియం కలిపి, వేడిచేసి నీళ్ళలో ముంచాడు. వెంటనే కొలిస్తే ఆశించినంత గట్టిగా లేదు. రెండు రోజుల తర్వాత కొలిస్తే, ఎవరూ ఏమీ చేయకుండానే గట్టిపడి ఉంది. ఎందుకో ఆయనకు తెలియలేదు. 1938లో ఫ్రాన్స్‌లో గినియే, ఇంగ్లండ్‌లో ప్రెస్టన్ ఎవరికి వారు ఎక్స్‌రేలతో ఆ రహస్యం పట్టుకున్నారు. లోహంలో కరిగి ఉన్న రాగి పరమాణువులు మెల్లగా ఒకచోట చేరి, అతి సూక్ష్మమైన గుంపులుగా లోహమంతటా ఏర్పడతాయి. లోహం వంగాలంటే దాని స్ఫటికంలోని లోపపు రేఖలు జరగాలి. ఈ గుంపులు వాటిని అడుగడుగునా అడ్డుకుంటాయి.

క్వాడ్‌బైక్ అల్యూమినియం చక్రాలకు, కొన్ని సస్పెన్షన్ చేతులకు బలం ఇచ్చేది ఇదే విద్య. అక్కడ రాగి బదులు మెగ్నీషియం, సిలికాన్ కలిసిన రేణువులు ఉంటాయి. 540 డిగ్రీల దగ్గర వేడిచేసి, నీళ్ళలో ముంచి, 160 డిగ్రీల ప్రాంతంలో కొన్ని గంటలు ఉంచితే రేణువులు సరైన పరిమాణానికి వస్తాయి. అదే లోహం తర్వాత మంటలో 300 డిగ్రీల దగ్గర అరగంట ఉందనుకోండి. చిన్న రేణువులు కరిగిపోయి, వాటి సరుకంతా పెద్దవాటిలో చేరుతుంది. రేణువులు తగ్గుతాయి, వాటి మధ్య ఖాళీ పెరుగుతుంది. దారంతా పల్లేరుకాయలు చల్లి ఉంటే అడుగు వేయలేం. అవే పల్లేరుకాయలను నాలుగు కుప్పలుగా పోస్తే పక్కనుంచి నడిచి వెళ్ళిపోతాం. లోపపు రేఖలూ అంతే, పెద్ద రేణువుల మధ్యనుంచి సులువుగా జరిగిపోతాయి. చక్రం ఆకారం మారదు, రంగు మారదు, బరువు మారదు, బలంలో మాత్రం పెద్ద భాగం పోతుంది.

విమానాల మరమ్మతులో ఈ నష్టాన్ని గట్టిదనం కొలిచే పరికరంతో, విద్యుత్ వాహకత కొలిచే మీటరుతో పట్టుకుంటారు. రేణువులు ముదిరిన అల్యూమినియంలో కరెంటు మరింత సులువుగా పారుతుంది. ఇంట్లో అయితే స్ప్రింగుతో పనిచేసే సెంటర్ పంచ్‌ను కాలిన భాగం మీద ఒకసారి, అదే రకం మంచి భాగం మీద ఒకసారి కొట్టి గుంటలు పోల్చవచ్చు. గుంట పెద్దదైతే ఆ భాగాన్ని వదిలేయాలి. పెద్దది కాకపోయినా, దగ్గర్లో నైలాన్ కరిగిన ఆనవాలుంటే ఆ అల్యూమినియం చక్రాన్ని నేను బండికి బిగించమని చెప్పను. మళ్ళీ వేడిచేసి బలం తెప్పించవచ్చు కదా అనిపిస్తుంది. ఆ 540 డిగ్రీలు లోహం కరిగే స్థానానికి బాగా దగ్గర. ఇంటి కొలిమిలో ఆ కాస్త తేడాను అదుపులో పెట్టడం అయ్యే పని కాదు.

స్ప్రింగులు, బేరింగులు, బోల్టులు వేడితో బలం ఇచ్చిన ఉక్కు. స్ప్రింగును మాన్యువల్లో ఇచ్చిన పొడవుతో పోల్చాలి, కుంగితే పని అయిపోయినట్టే. బేరింగు ఉక్కును తయారీలో సుమారు 150 నుంచి 180 డిగ్రీల దగ్గరే చివరిసారి వేడిచేస్తారు, కాబట్టి రింగు మీద పసుపు ఛాయ కనబడినా తీసేయాలి. బోల్టు తల మీద 8.8 అని ఉంటే అది సుమారు 800 మెగాపాస్కల్ తన్యబలం ఉన్న రకం. దాన్ని కనీసం 425 డిగ్రీల దగ్గర పదును చేసి ఉంటారు. అంతకుమించిన వేడి తగిలితే ఆ అంకె అబద్ధమవుతుంది. స్టీరింగు, బ్రేకు, చక్రాల బోల్టులను ఏ పరీక్షా లేకుండా కొత్తవి వేయడమే మేలు. బ్రేకు గొట్టాలు, సీళ్ళు, పెట్రోలు ట్యాంకు కూడా అంతే.

ఇంజన్ తరచు ఆశ్చర్యపరుస్తుంది. లోహం దిట్టంగా ఉంటుంది, లోపల నూనె ఉంటుంది, వేడి లోపలికి చేరేసరికి మంట అయిపోతుంది. పైగా కేసులు ఎక్కువగా ఒత్తిడితో పోత పోసినవి, పోతలో వచ్చిన బలమే తప్ప తర్వాత వేడితో పెంచినది కాదు. అందుకే చక్రం పోయినంత సులువుగా కేసు పోదు. సెల్ఫ్ కొట్టకుండా స్పార్క్ ప్లగ్గు తీసి, రంధ్రంలో కాస్త నూనె పోసి, చేత్తో తిప్పి చూడాలి. తర్వాత హెడ్ విప్పి, దాని ముఖం మీద తిన్నని పట్టీ ఆనించి, కింద ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడాలి. 0.05 మిల్లీమీటర్ల రేకు దూరితే లేత్ షెడ్డుకు తీసుకెళ్ళాల్సిందే. ఆయిల్ సీళ్ళు, గ్యాస్కెట్లు, టైమింగ్ చైను గైడు మార్చాలి. కరెంటు పుట్టించే మాగ్నెట్‌ను మరిచిపోతుంటారు. ఫెర్రైట్ అయస్కాంతం 450 డిగ్రీలు దాటితే అయస్కాంతశక్తి కోల్పోతుంది. అప్పుడు కొత్త కాయిల్ వేసినా స్పార్క్ రాదు.

వైరింగును అతుకులతో బాగుచేయవద్దు, మొత్తం కొత్తగా వేయాలి. పీవీసీ బదులు 125 డిగ్రీలు తట్టుకునే క్రాస్‌లింక్డ్ తొడుగున్న వైరు వాడి, బ్యాటరీకి ఆనుకునే ఫ్యూజు పెట్టాలి. టంకం కంటే సరైన క్రింపింగ్ నయం. టంకం పోసిన చోట వైరు బిరుసెక్కి, కంపనాలకు ఆ అంచునే తెగుతుంది.

మంట ఎందుకొచ్చిందో తేల్చకుండా పెట్రోలు పోయకూడదు. కొన్నిసార్లు తప్పు డిజైన్‌లోనే ఉంటుంది. క్వాడ్‌బైక్‌కు దగ్గరి రకమైన పక్కపక్క సీట్ల బండ్లను, 160కి పైగా మంటల ఫిర్యాదులు వచ్చాక, 2016 ఏప్రిల్‌లో పొలారిస్ కంపెనీ అమెరికాలో వెనక్కి పిలిచింది. అవి సుమారు 1,33,000. కాబట్టి మీ మోడల్ మీద అలాంటి ప్రకటన ఉందేమో ముందు చూసుకోవాలి. లేకపోతే పాతబడ్డ పెట్రోలు గొట్టం, చాసిస్‌కు రాసుకుని తొడుగు పోయిన వైరు, ఎగ్జాస్ట్ వేడిని అడ్డుకునే రేకు ఊడిపోవడం, ఈ మూడింటినీ అనుమానించాలి. పొలం బండ్లలో ఇంకో కారణం గడ్డి. ఎండుగడ్డి సుమారు 300 డిగ్రీల దగ్గర అంటుకుంటుంది, బరువు లాగుతున్న ఇంజన్ ఎగ్జాస్ట్ గొట్టం అంతకంటే వేడెక్కగలదు. బండి తిరిగి పనిలోకి వెళ్ళాక, గడ్డిలో తిరిగిన ప్రతిసారీ ఇంజన్ చల్లారనిచ్చి, గొట్టం చుట్టూ, అడుగు రేకు పైన పేరుకున్నదాన్ని చేయి పెట్టి తీసేయాలి.