పందెం కారుకు పరీక్ష

మోటారు పందెం అనగానే మనకు లక్షలూ కోట్లూ గుర్తుకు వస్తాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగరు ఒడ్డున ఫార్ములా-ఇ కార్లు పరుగు తీయగా చూసినవారికి ఆ అభిప్రాయం మరింత బలపడి వుంటుంది. కాని పందెం కార్లలోనూ పేదింటి బిడ్డలున్నాయి. ఒక మోటారు సైకిలు ఇంజను, నాలుగు చిన్న చక్రాలు, ఇనుప గొట్టాల పంజరం, పాతికమంది కాలేజీ విద్యార్థులు పోగుచేసిన చందా డబ్బు - అదే వాటి ఆస్తి. ఇటువంటి కారు గెలవడం, ఓడడం తరువాతి మాట. ముందు అది ఒక పరీక్ష పాసు కావాలి. పాసయ్యేదాకా ట్రాకు మీద చక్రం మోపనివ్వరు.

హైదరాబాదు నుంచి కర్నూలు వైపు బయలుదేరితే సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో షాద్‌నగర్ వస్తుంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో వుండేది. 2016 నుంచి రంగారెడ్డి జిల్లాలో చేరింది. అక్కడి నుంచి దక్షిణంగా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి బెంగుళూరు మీదుగా సేలం చేరుస్తుంది. సేలంలో పక్కదారి పడితే కోయంబత్తూరు. ఆ వూరి శివార్లలో చెట్టిపాళయం దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే అనే పందెపు బాట వున్నది. ఫార్ములా భారత్ అనే విద్యార్థుల పోటీకి అదే రంగస్థలం. కనుక హైదరాబాదు కాలేజీ పిల్లలు తాము కట్టిన కారును లారీకెక్కించి, టార్పాలిను కప్పి, దక్షిణానికి తీసుకుపోవాలంటే దారి షాద్‌నగర్ మీదుగానే.

ఆ బాటకు పేరిచ్చిన కరివర్ధన్ గారు కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు నాయుళ్ళ కుటుంబంవారు, లక్ష్మీ మిల్స్ యజమానుల ఇంటి బిడ్డ. విదేశాల నుంచి పందెం కారు తెప్పించుకునే తాహతు అందరికీ వుండదు గదా అని, మన వీధుల్లో తిరిగే మారుతి 800 ఇంజనును తీసుకొని ఫార్ములా మారుతి అనే చిన్న పందెం కారును రూపొందించారు. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కూడా తొలిరోజుల్లో ఆ కారు నడిపినవాడే. కరివర్ధన్ గారు 1995లో విమాన ప్రమాదంలో చనిపోయారు. చవకగా కట్టవచ్చుననే ధైర్యం మాత్రం మన దేశంలో నిలిచింది.

అయితే చవక ఎంతవరకు? చిక్కంతా ఇక్కడే వున్నది.

కారుకు పంజరం కావాలి. షాద్‌నగర్ వంటి వూళ్ళో ట్రాక్టరు ట్రాలీలు, గేట్లు, కిటికీ గ్రిల్సు కట్టే వెల్డింగు షెడ్డుకు కుర్రవాళ్ళు నక్షా పట్టుకొని పోయారనుకోండి. మేస్త్రీ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "గట్టిగుంటది, ఫికరు జెయ్యకుండ్రి తమ్మీ" అంటాడు. అతని చేతి పనిని తక్కువ చెయ్యనక్కరలేదు. వడ్ల బస్తాల బరువుతో గుంతల్లో ఎగిరిపడే ట్రాలీ అతను కట్టిందే. కాని ట్రాలీ తలక్రిందులైతే దాని కింద మనిషి వుండకూడదని మనం కోరుకుంటాం. పందెం కారు తలక్రిందులైనా లోపలి మనిషి బ్రతకాలని దాన్ని కడతాం. రెంటికీ లెక్కలు వేరు.

డ్రైవరు తల వెనుక నిలిచే కమాను ఆ పంజరానికి ప్రాణం. అది ఉక్కుదే కావాలి, అల్యూమినియం పనికిరాదు. సాధారణంగా వాడేది 25 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం గల గొట్టం. మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్కగా వంచాలి. వంపు వ్యాసార్ధం గొట్టం వ్యాసానికి మూడు రెట్లకు తగ్గకూడదు, వంచినచోట ముడత పడకూడదు. గొట్టంలో ఇసుక దట్టించి వంచితే ముడత పడదని పాత పనివాళ్ళకు తెలుసు. ఆ విద్య ఇక్కడ అక్కరకు వస్తుంది. పరీక్షకుడు వచ్చి, "మందం ఎంత?" అని అడిగి వూరుకోడు. కమానుకు నాలుగున్నర మిల్లీమీటర్ల చిన్న రంధ్రం ముందే తొలిపించి, అందులో గోడ మందం కొలిచి చూస్తాడు. పైన రంగు వేసి పల్చటి గొట్టాన్ని దాచుదామనుకున్నవాడి ఆట అక్కడితో సరి.

కమాను కొన నుంచి ముందుభాగంలోని చిన్న కమాను కొనకు ఒక గీత వూహించుకోండి. జట్టులో అందరికన్న పొడుగైన డ్రైవరు హెల్మెట్టు పెట్టుకొని కూచున్నా, అతని తల ఆ గీతకు కనీసం 50 మిల్లీమీటర్లు కిందనే వుండాలి. కారు అంతా కట్టిన తరువాత ఆరడుగుల కుర్రవాణ్ణి డ్రైవరుగా ఎంచుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మన పెళ్ళిళ్ళల్లో మాదిరి మనిషిని చూసి కొలతలు తీసుకోవాలిగాని, చొక్కా కుట్టి మనిషిని వెతకరాదు.

ఇక నట్లూ బోల్టులూ. స్టీరింగు, బ్రేకులు, బెల్టులు, చక్రాలను పట్టి వుంచే బోల్టుల తలమీద 8.8 అనో, అంతకుమించిన అంకో వుండాలి. అంకె లేని బోల్టు ఎంత నిగనిగలాడినా పనికిరాదు. నట్టు బిగించిన తరువాత బోల్టు కనీసం రెండు మరలు బయటికి కనిపించాలి. అదరడంవల్ల వదులుకాకుండా నైలాను పట్టు వున్న నట్టో, తీగ ముడో వుండాలి. స్ప్రింగు వాషరు వేశామంటే ఒప్పుకోరు. చాలా జట్లు చిక్కుకునేది ఇటువంటి పది రూపాయల వస్తువు దగ్గరే. ఇంజను శక్తి గురించి నెలల తరబడి వాదించుకున్నవాళ్ళు, ఆ వూరి హార్డ్‌వేరు కొట్టు మూసేలోగా నాలుగు బోల్టులకోసం పరుగులు తియ్యవలసి వస్తుంది.

ఇంటి పెద్దలు ఆలోచించవలసింది బెల్టుల విషయం. డ్రైవరును సీటుకు కట్టివుంచే పట్టీలకు మందుసీసాకు మల్లే గడువు తేదీ వుంటుంది. గడువు తీరిన పాత పట్టీ సగం ధరకు దొరికిందని సంతోషపడితే పరీక్షకుడు దాన్ని వేలితో చూపి ప్రక్కకు పెట్టిస్తాడు. "నిక్షేపంగా వుంది గదండీ!" అంటే లాభం లేదు. ఎండకూ చెమటకూ నార బలం తగ్గడం కంటికి కనిపించదు.

ఈ మాటకు అమెరికాలో ఒక చక్కని ఏర్పాటు చేశారు. 2006లో అక్కడ లెమన్స్ అనే పందెం మొదలైంది. ఫ్రాన్సులోని ప్రసిద్ధమైన 24 గంటల లమాన్ పందేన్ని వెక్కిరిస్తూ పెట్టిన పేరు. పనికిమాలిన కారును వాళ్ళు నిమ్మకాయ అంటారు మరి! కారు ఖరీదు 500 డాలర్లకు మించకూడదన్నది నియమం. అయితే పంజరం, బెల్టులు, సీటు, బ్రేకులు వంటి రక్షణ సామగ్రి ఆ 500లో కలవదు. వాటికెంతైనా పెట్టుకోవచ్చు, పెట్టి తీరాలి కూడా. కారు ఖర్చు ఒక పద్దు, ప్రాణం ఖర్చు మరొక పద్దు. మన కాలేజీ పిల్లలు కూడా చందా పుస్తకంలో మొదటిరోజే ఇలా రెండు పేజీలు విడిగా రాసుకుంటే, చివర డబ్బు చాలనప్పుడు కోత ఏ పేజీలో పడాలో తగవు వుండదు. ఎందుకంటే ఆ సీటులో కూచునేది జీతానికి వచ్చిన డ్రైవరు కాదు. పక్క బెంచీలో కూచునే స్నేహితుడు, లేదా స్నేహితురాలు.

కాగితాలూ కొలతలూ అయిన తరువాత మనిషికి పరీక్ష. హెల్మెట్టు, చేతి తొడుగులు, మంటకు తట్టుకునే దుస్తులు అన్నీ తొడిగి, పట్టీలు బిగించి కూచున్న డ్రైవరు, సైగ చెయ్యగానే పట్టీలు విప్పుకొని 5 సెకండ్లలో బయటికి దూకి నేలమీద నిలబడాలి. మీరు కుర్చీలోంచి లేచి చెప్పులు వెతుక్కునేలోగా ఆ 5 సెకండ్లూ అయిపోతాయి. ఇందుకు డబ్బు అక్కరలేదు, సాధన కావాలి. జట్టులో ప్రతి డ్రైవరూ హాస్టలు వరండాలోనే వందసార్లు ఎక్కి దిగి వుండాలి.

తరువాత కారును ఒక పెద్ద బల్లమీదికి ఎక్కించి 60 డిగ్రీలదాకా పక్కకు ఒరిగిస్తారు. పెట్రోలు, నూనె, నీళ్ళు నిండుగా వుంటాయి, పొడుగాటి డ్రైవరు లోపలే వుంటాడు. పై చక్రాలు లేచి కారు దొర్లకూడదు, చుక్క కారకూడదు. కింద నిలబడి చూసే తల్లిదండ్రులు అదృష్టవశాత్తూ అక్కడ వుండరు. ఆ పైన చప్పుడు కొలుస్తారు, 110 డెసిబెల్స్ దాటరాదు.

ఆఖరిది బ్రేకు. తిన్నగా వేగంగా వచ్చి ఒక్కసారి తొక్కితే నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకుపోయి నేలమీద ఈడ్చుకుపోవాలి. మూడు బిగిసి ఒకటి తిరిగినా తప్పినట్టే. వెనక్కి పోయి పెడలు దగ్గర సర్దుబాటు చేసుకొని, గొట్టాల్లో గాలి చిక్కిందేమో చూసుకొని మళ్ళీ రావాలి. ఒక్కొక్క పరీక్ష నెగ్గినప్పుడల్లా కారు ముక్కుమీద ఒక స్టిక్కరు అంటిస్తారు. అన్నీ పడ్డ తరువాతనే పరుగు. అప్పుడు కూడా పరీక్షకులు చూసిన కారును ఇష్టం వచ్చినట్టు మార్చరాదు. సుమారు 22 కిలోమీటర్ల ఆఖరి పరుగుకు ముందు ఏదైనా విరిగి, కుర్రవాళ్ళు దాన్ని మార్చి బిగించారంటే, స్పానరు చేతిలో పట్టుకొనే మళ్ళీ పరీక్షకుల దగ్గరికి పోయి చూపించి రావలసిందే.