కంద చచ్చిందా, నిద్రపోయిందా?

'కందకు లేని దురద కత్తిపీటకెందుకు?' అనే సామెత మీరు వినే ఉంటారు. కానీ ఆ కంద మొక్కను ఏడాది పొడుగునా గమనించారా? భద్రాచలం, పాల్వంచ అడవి అంచు ఊళ్లలో ఉండే పిల్లలకు ఇది సులభమే. పెరట్లో కంద ఉంటే చాలు.

పుష్యమాసం వచ్చేసరికి కంద ఆకు పసుపురంగుకు తిరిగి, కాడ వాలిపోతుంది. కొద్ది రోజుల్లో నేలమీద మొక్క ఆనవాలే ఉండదు. చచ్చిపోయిందనుకుంటాం. అయితే తొలకరి పడగానే అదే చోట కొత్త మొలక నేలను చీల్చుకొని లేస్తుంది! ఇదెలా సాధ్యం?

కంద గొడుగులాంటి ఒకే ఒక్క ఆకును వేస్తుంది. మచ్చలతో లావుగా ఉండి మనకు కాండంలా కనిపించేది నిజానికి ఆకు కాడ. అసలు కాండం నేలలో ఉంది. అదే మనం వండుకునే దుంప. ఇలాంటి భూగర్భ కాండాన్నే మీ పాఠ్యపుస్తకంలో 'కందం' అంటారు. వానాకాలంలో ఆకు తయారుచేసిన ఆహారం పిండిపదార్థంగా మారి ఇందులో నిలవ అవుతుంది. ఎండాకాలంలో నేలలో తేమ ఉండదు. అప్పుడు ఆకు ఉంటే దాని ద్వారా నీరు ఆవిరై పోతుంది. అందుకే మొక్క ఆకును వదిలేసి నిద్రపోతుంది. దీన్ని సుప్తావస్థ అంటారు.

దక్షిణాఫ్రికాలో పుట్టిన కాలా లిల్లీ కందకు చుట్టమే. పేరులో లిల్లీ ఉన్నా అది లిల్లీ కాదు. కంద, చేమల ఏరేసీ కుటుంబానికి చెందింది. చల్లని దేశాల్లో మంచు పడకముందే దాని దుంపను తవ్వి, పొడిచోట దాచి, వసంతంలో మళ్లీ నాటుతారు. అక్కడి శత్రువు చలి, ఇక్కడి శత్రువు ఎండ. ఉపాయం మాత్రం ఒక్కటే!

బాగా ముదిరిన దుంప ఒక్కోసారి ఆకుకు ముందే పూస్తుంది. ముదురు ఎరుపు గరాటులాంటి ఆ పువ్వు కుళ్లిన మాంసంలా కంపు కొడుతుంది. ఆ కంపుకు కారణం గంధక సమ్మేళనాలు. పువ్వు తన నడిమి కాడను వేడెక్కించుకొని వాసనను దూరాలకు పంపుతుంది. ఈగలు, పెంకుపురుగులు మోసపోయి వచ్చి పుప్పొడిని మోస్తాయి. ఏరేసీ కుటుంబపు పువ్వు వేడెక్కుతుందని ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లామార్క్ 1778లోనే రాశాడు. ఈ కుటుంబానికే చెందిన ఊడూ లిల్లీలో ఆ వేడిని పుట్టించే సంకేతం సాలిసిలిక్ ఆమ్లమని 1987లో తేలింది. ఆస్పిరిన్‌కు దగ్గరి పదార్థమే అది!

ఇక మీరే పెంచి చూడండి. మొగ్గ భాగం ఉండేలా అరకిలో కంద ముక్క తీసుకోండి. కోసిన వైపు పేడనీళ్లలో ముంచి నీడలో ఆరబెట్టండి. తొలకరికి ముందు నీరు నిలవని వదులు మట్టిలో నాటండి. కొవ్వూరులో ఎంపిక చేసిన 'గజేంద్ర' రకం దొరికితే మంచిది, దానికి దురద తక్కువ. నాటిన ముక్క క్రమంగా కరిగిపోయి, దాని స్థానంలో కొత్త దుంప ఊరుతుంది.

ఆకు పండగానే నీళ్లు ఆపండి. ఎండిన మొక్క మీద జాలిపడి రోజూ నీళ్లు పోస్తేనే ప్రమాదం. నిద్రలో ఉన్న దుంప ఆ నీటిని వాడుకోలేదు, కుళ్లిపోతుంది. తవ్విన దుంపను గాయం కాకుండా దులిపి, గాలి ఆడే నీడలో ఉంచండి. తినడానికి తీసినా, మొగ్గ ఉన్న ముక్కను నాటడానికి దాచండి. అడవిలో తవ్వేవారికీ ఇదే సూత్రం. అన్నీ తవ్వేస్తే మరుసటి తొలకరికి మొలిచేదేముంటుంది?

జాగ్రత్త! పచ్చి కందను నోట్లో పెట్టకండి. దాని కణాల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. కోసినప్పుడు అవి బయటపడి చర్మానికి, నాలుకకు గుచ్చుకుంటాయి. అందుకే కోసేముందు చేతులకు నూనె రాసుకుంటారు, చింతపండు వేసి మెత్తగా ఉడికిస్తారు. కణాల్లో భద్రంగా ఉన్నంతకాలం ఆ సూదులు కందను ఏమీ చేయవు. ఇనుప కత్తిపీటకు చర్మమూ లేదు, నాలుకా లేదు. ఇక దురద ఎవరికి? కోసేవాడికే!