చేపపిల్లల సంచిలో బావురుకప్ప

డిగ్లీపూర్‌లో మీకు చేపల గుంట ఉందా? కొత్త చేపపిల్లలను వదిలే ముందు కొన్నింటిని తెల్లని పళ్లెంలో పోసి చూడండి. గుండ్రటి తల, వెనక తోక, పక్కన రెక్కల్లేని పిల్ల కనిపిస్తే అది చేప కాదు, తోకకప్ప.

బావురుకప్ప సముద్రం ఈది దాటలేదు. అయినా 2000 తర్వాత అండమాన్ దీవుల్లో ఊరూరా వ్యాపించింది. ఎక్కువగా చేపపిల్లలతో కలిసి వచ్చింది, కొందరు కావాలనే తెచ్చి వదిలారు కూడా. ఎప్పుడు ఏ ఊరు చేరిందో రికార్డులు లేవు. అందుకే పరిశోధకులు రైతులను, గ్రామస్తులను అడిగి ఆ క్రమాన్ని రాబట్టారు. జ్ఞాపకం కూడా కొలత పరికరమవుతుందని ఫిజిక్స్ చదివిన నాకు అప్పుడే తెలిసింది.

మన తెలుగు నేలపై ఇది పొలంలో పురుగులు తినే నేస్తం. కప్ప కాళ్ల ఎగుమతిని దేశం 1987లో నిషేధించింది. మరి దీవుల్లో ముప్పెందుకు? చాలా కప్పల పిల్లలు నాచు తిని పెరుగుతాయి. బావురుకప్ప పిల్ల మాత్రం తోటి పిల్లలనే తింటుంది, తన జాతివైనా వదలదు. నిత్యప్రకాశ్ మొహంతి, జాన్ మీసీ 2019లో ప్రచురించిన ప్రయోగంలో, అండమాన్‌లో తప్ప మరెక్కడా లేని మైక్రోహైలా చక్రపాణి, కలూలా ఘోషీ కప్పల పిల్లలను దీని పిల్లలతో కలిపి ఉంచారు. స్థానిక పిల్లల్లో ఒక్కటీ బతకలేదు. ఇక పెద్ద కప్పలు కోడిపిల్లలనూ మింగుతున్నాయని గ్రామస్తుల ఫిర్యాదు.

పళ్లెంలో తోకకప్ప దొరికితే పక్క కాలువలో వదలకండి. సంచిలోని నీటినీ గుంటకు దూరంగా, ఎండ తగిలే పొడి నేలపైనే పారబోయండి.