తెలిసినది పంచుకొను విధము

విద్య దాచినకొలది తరుగును, పంచినకొలది పెరుగును అని పెద్దలు చెప్పుదురు. ఈ మాటకు మన తిరుపతి ప్రాంతమే సాక్ష్యము. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమున తరతరములు మరుగుపడి యుండెను. 1922 ప్రాంతమున అవి వెలుగులోనికి వచ్చెను. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు పండితులు వానిని పరిష్కరించి, ప్రకటించి, కొన్నిటికి స్వరములు కూర్చిన పిమ్మటనే ఆ పాటలు ఇంటింటికి చేరినవి. దొరకుట ఒక యెత్తు. దొరికినదానిని పదుగురికి అందించుట మరియొక యెత్తు.

అట్లు అందించుట పూర్వము పండితులకును ముద్రాలయములకును మాత్రమే సాధ్యము. నేడు ఇంటర్నెట్టు మూలమున విద్యార్థికి సైతము సాధ్యమైనది. తెలుగున ఇందుకు మంచి నిదర్శనము తెలుగు వికీపీడియా. పద్మ అను లిపి మార్పిడి సాధనమును నిర్మించిన వెన్న నాగార్జునగారు దీనిని 2003 డిసెంబరులో ప్రారంభించిరి. దీనికి వ్రాయువారు జీతము గోరక తమ తీరిక వేళలను వెచ్చించుచున్నారు. వీరు 2015 ఫిబ్రవరిలో తమ వార్షికోత్సవమును తిరుపతియందే జరుపుకొనిరి.

దీని పద్ధతి యెట్టిదనగా: ఎవరైనను వ్యాసము వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. ఎవరు ఏ దినమున ఏమి మార్చిరో ఆ లెక్క యంతయు చరిత్ర పుటలో నిలిచియుండును. అభిప్రాయభేదము కలిగినచో చర్చాపుటలో వాదించుకొందురు. అన్నింటికంటె ముఖ్యమైన నియమమొకటి గలదు. వ్రాసినదానికి ప్రచురితమైన ఆధారమును చూపవలెను. "నేను చూచితిని" అనిన చాలదు.

అట్లయిన మనము కన్నులార చూచినది వ్యర్థమా? కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనిని తీసికొందము. గుడ్డను కరకకాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరవేయుదురు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో దినముల కొలది నాననిచ్చి, ఆ ద్రవములో వెదురు కలమును ముంచి గీయుదురు. కరకకాయలోని వగరు పదార్థము ఇనుముతో కలియగానే గీత నల్లబడును. పాలలోని క్రొవ్వు రంగును చెదరనీయదు. చేతిపనిలో ఎంత రసాయనశాస్త్ర మిమిడియున్నదో చూడుడు! పనివారి అనుమతితో ఈ దశలను ఫొటోలు తీసి వికీమీడియా కామన్సున ఉంచినచో, లోకమున ఎవరైనను వానిని ఉచితముగ వాడుకొనవచ్చును. కలము పట్టు చేతులు తగ్గిన కాలమున ఆ ఫొటోలే పాఠములగును.

ఇక నా తప్పు నొకటి చెప్పుకొనవలసి యున్నది. 2021 నవంబరులో భారీ వర్షములకు తిరుపతి సమీపముననున్న రాయలచెరువు కట్టనుండి నీరు కారసాగెను. దిగువ గ్రామములవారు ఇండ్లు విడిచి వచ్చిరి. వారిలో మా పెద్దమ్మయు నుండెను. ఆ రాత్రి "కట్ట తెగినది" అను వార్త నా సెల్‌ఫోనునకు వచ్చెను. వెనుకముందు చూడక బంధువులందరికి పంపితిని. కొట్టములో విడిచివచ్చిన ఆవును తలచుకొని మా పెద్దమ్మ తెల్లవార్లు ఏడ్చినది. కట్ట తెగలేదు. ఆమెకు ఆ రాత్రి నిద్ర లేకుండుటకు కారణము వరద కాదు, నా వ్రేలు. చరిత్ర పుటయు, ఆధారపు నియమమును ఎందులకో నాకప్పుడు బోధపడినది.

కావున విద్యార్థులారా, పంచుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది మొదట ఎవరు చెప్పిరి? మరియొక చోట దీనికి ఆధారమున్నదా? దీని వలన ఎవరికైనను కీడు కలుగునా? మూడింటికి సరియైన సమాధానము దొరికిన పిమ్మట నిస్సంకోచముగ పంచుడు. మీ యూరి చెరువు, మీ తాత చేసిన వృత్తి, మీ అవ్వ వాడు మాట – వీనిలో ఎన్నియో ఇంకను ఎవరును వ్రాయనివి గలవు. ఈ సెలవులలో అడిగి తెలిసికొని, తారీఖుతో సహా నోటుబుక్కున వ్రాసికొనుడు. అదియే మొదటి మెట్టు.