నీటి తెరమీద ‘బూఫ్’!

సినిమాలో హీరో ఎంట్రీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ముందు చీకటి. ఆ వెనక బూట్ల చప్పుడు. విలన్ గారి మనుషులు బిక్కమొహాలు వేసుకుని అటూ ఇటూ చూస్తుంటారు. హాల్లో మనకీ ఊపిరాడదు. అప్పుడు తలుపు భళ్లున బద్దలవుతుంది... ఇక విజిళ్లే విజిళ్లు!

అచ్చం అలాంటి ఎంట్రీని నేను టిక్కెట్టు కొనకుండా, మా ఇంటికి పదినిమిషాల నడక దూరంలో చూస్తుంటాను. హీరో పేరు మర్రే కాడ్. థియేటరు పేరు మర్రంబిడ్జీ నది. ఊరు ఆస్ట్రేలియాలోని వాగా వాగా.

ఊరిపేరు రెండుసార్లు పలకడమేమిటని నవ్వకండి. అది అక్కడి విరాజురి ఆదివాసుల భాషలోని మాట. చాలాకాలం దానికి ‘కాకులెక్కువున్న చోటు’ అని అర్థం చెప్పేవారు. 2019లో ఊరి కౌన్సిల్ ఆ అర్థాన్ని పక్కనపెట్టి ‘నాట్యాలూ సంబరాలూ జరిగే చోటు’ అన్న అర్థాన్ని స్వీకరించింది. సినిమా పిచ్చివాడికి ఇంతకన్నా మంచి ఊరు దొరుకుతుందా చెప్పండి!

2010లో వచ్చిన ‘ఆరెంజ్’లో మీరు చూసిన ఆస్ట్రేలియా మహానగరాల ఆస్ట్రేలియా. మాది వేరు. సిడ్నీకి, మెల్‌బోర్న్‌కి మధ్య లోతట్టున ఉన్న ఊరు. మర్రంబిడ్జీ పొడవు దాదాపు మన గోదావరంత. గోదావరి 1,465 కిలోమీటర్లు, ఇది 1,500కి కొంచెం తక్కువ. అయితే వెడల్పులో మాత్రం మన గోదారమ్మ ముందు ఇది పిల్లకాలవ. ఒడ్డున నీలగిరి చెట్ల జాతికే చెందిన ఎర్ర గమ్ చెట్లు నీళ్లలోకి వంగి నిలబడి ఉంటాయి. వాటిలో కొన్ని కూలి నదిలో పడతాయి. ఆ పడిన మానుల దగ్గరే అసలు కథంతా ఉంది.

హీరోగారి పరిచయం

పేరులో కాడ్ ఉన్నా, చలిసముద్రాల్లో దొరికే కాడ్ చేపకీ దీనికీ చుట్టరికమే లేదు. పూర్తిగా మంచినీటి చేప. ఆస్ట్రేలియా మంచినీళ్లలో బతికే చేపలన్నిటిలోకీ ఇదే పెద్దది. 1902లో వాల్గెట్ దగ్గర బార్వన్ నదిలో దొరికినదాని బరువు 113 కిలోలు, పొడవు 1.8 మీటర్లు అని రికార్డు. అంటే మన హీరోలకన్నా పొడుగే!

ఒంటిమీద ఆకుపచ్చ మచ్చలు, తెల్లటి పొట్ట, చిన్న కళ్లు, ఇంతేసి నోరు. ఆయుర్దాయం కూడా గట్టిదే. నలభై ఏళ్లు దాటి బతికిన చేపలున్నాయి. అంటే నల్లచుక్కల రీళ్లతో సినిమాలాడిన రోజుల్లో పుట్టిన చేప, ఫోన్లో రీల్స్ చూసే రోజుల్లో కూడా అదే మాను కింద కాపురం చేస్తుండొచ్చు!

మర్రే నది చివర్న ఉండే నారిన్‌జెరి ఆదివాసులకి ఈ చేప ఓ పురాణ పాత్ర. వాళ్లు దాన్ని ‘పోండే’ అంటారు. నురుండేరి అనే వీరుడు పోండేని తరుముతూ వస్తుంటే, అది తోక విసిరిన చోటల్లా ఒడ్డు కోసుకుపోయి మర్రే నదికి ఆ మలుపులన్నీ ఏర్పడ్డాయట. ఛేజింగ్ సీనులోంచి నది పుట్టడమంటే ఇదే!

ఇక ఇంటి వ్యవహారానికొస్తే, వసంతంలో ఆడచేప బోలుమాను లోపల గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. కాపలా అంతా తండ్రిదే. పిల్లలు బయటికొచ్చేదాకా రెక్కలతో నీళ్లు విసురుతూ అక్కడే ఉంటుంది. మన కొర్రమీను కూడా పిల్లల్ని వెంటేసుకుని కాపు కాస్తుంది కదా! సంతానాన్ని కాచుకోవడంలో ఇద్దరిదీ ఒకే స్కూలు. అందుకే మా న్యూ సౌత్ వేల్స్ నదుల్లో సెప్టెంబర్ 1 నుంచి నవంబర్ 30 దాకా మర్రే కాడ్ వేట నిషేధం. డిసెంబర్ 1న షో మొదలు. అదీ లైసెన్సు రుసుము కట్టినవాళ్లకే!

డాన్సు చేసే ఎర

ఈ చేపని వానపాముతోనో, రొయ్యతోనో, నీళ్ల అడుగున ఈదే బొమ్మచేపతోనో పట్టొచ్చు. అవన్నీ మ్యాట్నీ షోలు. నాకిష్టమైంది మాత్రం నీటిమీద తేలుతూ నడిచే దొంగ ఎర. కర్రతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన, జానెడుకి లోపు బొమ్మ. దానికి మూడేసి ముళ్ల గాలాలు.

ఈ బొమ్మల్లో పాత సూపర్‌స్టార్ పేరు ‘జిట్టర్‌బగ్’. అమెరికాలో ఫ్రెడ్ ఆర్బొగాస్ట్ అనే ఆయన 1930లలో తయారుచేశాడు. ఆ పేరు ఆ రోజుల్లో అక్కడి కుర్రకారుని ఊపేసిన ఓ డాన్సుది. ముక్కుకి ముందు వంకీ తిరిగిన రేకు ఉంటుంది. దారం లాగుతుంటే ఆ రేకు నీటిని అటూ ఇటూ తోస్తూ, బొమ్మ నడుము తిప్పుకుంటూ వస్తుంది. ‘ప్లప్... ప్లప్... ప్లప్...’ అదే దాని తాళం. ఇప్పుడు రెండు వైపులా రేకు రెక్కలున్నవి, తోకాడించేవి, ఎలక ఆకారంలో ఉన్నవి రకరకాలు వచ్చాయి. ఎన్ని వచ్చినా సూత్రం ఒక్కటే. నీటిమీద ఏదో ప్రాణి పాపం ఈదలేక ఈదుతోందని కిందున్నవాడు నమ్మాలి!

నమ్ముతాడా అంటే, నమ్మడానికి కారణముంది. మర్రే కాడ్ వెంటపడి వేటాడే రకం కాదు. మాను నీడలో మాటు వేసి కూర్చుంటుంది. కప్ప, బాతుపిల్ల, నీటిఎలుక, చెట్టుమీంచి జారిన బల్లి – తలమీంచి ఏది వెళ్లినా దాని దృష్టిలో భోజనమే. మన ఊళ్లలో చెరువు తూటాకుల మధ్య కప్పబొమ్మని గెంతించి కొర్రమీనుని లాగే కుర్రాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

సస్పెన్స్ అంటే ఇదీ!

1975లో వచ్చిన ‘జాస్’ చూశారా? అందులో సొరచేప చాలాసేపటిదాకా సరిగ్గా కనబడదు. రెండు స్వరాల సంగీతం మాత్రం వినబడుతుంది. మన గుండె దడదడ! అన్నట్టు, అందులో నిజం సొరచేపల దృశ్యాలు తీసింది ఆస్ట్రేలియా సముద్రంలోనే. తీసినవాళ్లు ఇక్కడి దంపతులు రాన్ టేలర్, వ్యాలరీ టేలర్.

నీటిమీది వేటలో ఆనందం కూడా ఆ కిటుకే. వేసవిలో ఇక్కడ పొద్దుపోయేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. కూకబురా పిట్టల నవ్వులు ఆగిపోతాయి. టార్చి ఒడ్డుమీదికే వెయ్యాలి, నీళ్లమీదికి కాదు. అడుగు చూసుకుని వెయ్యాలి. బ్రౌన్ స్నేక్ అనే మహావిషసర్పం కూడా ఇక్కడి పౌరుడే!

పడిన మాను పక్కగా బొమ్మని విసురుతాను. పడగానే లాగను. అలల వలయాలు చెదిరిపోయేదాకా ఆగుతాను. తర్వాత మెల్లిగా, ఒకే లయలో రీలు తిప్పుతాను. ప్లప్... ప్లప్... చీకట్లో బొమ్మ కనబడదు, చప్పుడొక్కటే దారి. విసిరినప్పుడల్లా ఏమీ జరగదు. గంటలు గంటలు ఏమీ జరగదు. ఒక్కోరోజు దోమలకి రక్తదానం చేసి ఇంటికి రావడమే. కానీ ఎప్పుడో ఒకసారి ఆ తాళం మధ్యలో తెగి...

‘బూఫ్’!

ఇక్కడి వేటగాళ్లు దానికి పెట్టుకున్న పేరే అది. పెద్ద బండరాయిని ఎవరో నూతిలో పడేసినట్టుంటుంది. నోరు తెరిచి నీటినీ గాలినీ బొమ్మనీ కలిపి పీల్చేసే చప్పుడది. అప్పుడు ఒళ్లు ఝల్లుమని గెడని వెనక్కి లాగారో, మూడు ముళ్ల గాలం మీ మొహంమీదికే ఎగిరొస్తుంది! చప్పుడుకి లాగకూడదు. బరువు తగిలాకే లాగాలి. చాలాసార్లు చేప గురి తప్పుతుంది. కంగారుపడకుండా బొమ్మని అదే లయలో నడిపిస్తూ ఉంటే మళ్లీ వచ్చి కొట్టొచ్చు. లేకపోతే అదే చోటికి ఇంకోసారి విసరాలి. సెకండ్ షోకి ఎక్కువసార్లు వస్తుంది మరి!

తగిలాక మాత్రం ముద్దుముచ్చట్లు కుదరవు. చేప నేరుగా మాను వేళ్లలోకి దూరుతుంది. అందుకే 50 పౌండ్ల బరువుని ఓర్చే అల్లిక దారం, గట్టి గెడ వాడేది.

మేనల్లుడు, మేనమామ, పులుసు

మొన్న వేసవిలో రాజమండ్రి నుంచి మా మేనల్లుడొచ్చాడు. డిగ్రీ కుర్రాడు, సినిమాల పురుగు. మూడు రాత్రులు నా వెంట తిరిగాడు. మొదటి రెండు రాత్రులూ ఏమీ పడలేదు.

“మావయ్యా, ఇంకా టైటిల్సేనా? కథ మొదలవుతుందా?” అన్నాడు.

మూడోరోజు గెడ వాడి చేతికే ఇచ్చాను. పదిన్నర దాటింది. చంద్రుడు లేడు. నాలుగోసారి విసిరిన బొమ్మ సగం దూరం వచ్చేసరికి పేలింది ‘బూఫ్’! వాడు “అమ్మో” అన్నాడేగానీ గెడ కదపలేదు. బరువు తగిలింది. గెడ విల్లులా వంగింది. నాలుగైదు నిమిషాలు వాడికీ చేపకీ మధ్య ఫైటు. డూపు లేకుండా!

ఒడ్డుకొచ్చాక తడిపిన చాపమీద కొలిస్తే 92 సెంటీమీటర్లు. వాడి కళ్లల్లో మతాబులు.

“మావయ్యా! అమ్మకి వీడియో కాల్ చేసి పులుసెలా పెట్టాలో అడిగేద్దాం!”

“ఒరేయ్, ఇది ఇంటికి రాదురా.”

“అదేంటి మావయ్యా, మూడు రాత్రులు దోమల్తో కుట్టించుకున్నది దీనికోసం కాదా?”

ఇక్కడ చట్టం 55 నుంచి 75 సెంటీమీటర్ల మధ్య ఉన్నదాన్నే ఉంచుకోనిస్తుంది. అదీ మనిషికి రోజుకి రెండు. చిన్నది ఇంకా పిల్లల్ని కనలేదు, వదలాలి. పెద్దది వేలవేల గుడ్లు పెట్టే తల్లో, వాటిని కాచే తండ్రో. దాన్నీ వదలాలి. ఇదంతా చెప్పాక వాడు మాట్లాడలేదు.

“నేనే వదులుతా” అన్నాడు చివరికి.

రెండు చేతులూ తడిపి, ఒక చెయ్యి దవడ కిందా ఒక చెయ్యి పొట్ట కిందా పెట్టి, అడ్డంగా ఎత్తి నీళ్లలోకి దించాడు. చేప కదల్లేదు. పక్కకి ఒరిగింది. వాడు నావైపు చూశాడు. వాడి గొంతులో తడారిపోయింది. “చచ్చిపోయిందా మావయ్యా?” ప్రవాహానికి ఎదురుగా దాని తల పెట్టి పట్టుకోమన్నాను. ఒక నిమిషం... రెండు నిమిషాలు... మొప్పలు ఆడుతున్నాయి. అంతే. ఇంకేమీ లేదు. మోకాళ్ల లోతు నీళ్లలో వాడు అలాగే వంగి ఉన్నాడు. ఉన్నట్టుండి తోక ఒక్క విసురు విసిరింది. వాడి మొహం నిండా బురదనీళ్లు. చేప లేదు!

వాడు విజిలేశాడు చూడండి, అవతలి ఒడ్డున కుక్కలు మొరిగాయి.

విలన్లు ఎవరు?

ఇంత గొలుసుకట్టు నియమాలెందుకంటే, ఈ హీరోకి శత్రువులు చాలామంది. ఒకప్పుడు ఆవిరి పడవలకి అడ్డమని నదుల్లో పడిన మానుల్ని ఏరిపారేశారు. అంటే దాని ఇల్లూ, పురిటిగదీ రెండూ పోయాయి. పెద్ద డ్యాముల అడుగునుంచి వేసవిలో వదిలే చన్నీళ్లు గుడ్లకీ పిల్లలకీ గిట్టవు. 2003లో ఆస్ట్రేలియా ప్రభుత్వం దీన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది.

2018 డిసెంబర్‌లో, 2019 జనవరిలో డార్లింగ్ నదిలో మెనిండీ దగ్గర నీళ్లలో ప్రాణవాయువు పడిపోయి లక్షలాది చేపలు తేలాయి. చచ్చిపోయిన పెద్ద మర్రే కాడ్‌లని చేతుల్లో ఎత్తుకుని ఇద్దరు మనుషులు కోపంతో, బాధతో మాట్లాడిన వీడియో ప్రపంచమంతా చూసింది. మా మేనల్లుడికి మర్నాడు అదే చూపించాను. “ఇవి నిన్నటిదానికన్నా పెద్దవి మావయ్యా” అన్నాడు. 2016లోనూ, 2022లోనూ వరదల తర్వాత కుళ్లిన ఆకులతో నల్లబడ్డ నీళ్లు మళ్లీ ఎన్నిటినో చంపాయి.

మంచివాళ్లూ లేకపోలేదు. మాకు వంద కిలోమీటర్ల దూరంలో నరాండెరాలో ప్రభుత్వ చేపల కేంద్రం ఉంది. పిల్లల్ని పెంచి నీళ్లలో వదిలే పని అక్కడ జరుగుతుంది. మేం కట్టే లైసెన్సు డబ్బులో కొంత ఇలాంటి పనులకే పోతుంది. మర్రే నదిలో హ్యూమ్ డ్యామ్ కింద వేల మానుల్ని తిరిగి తెచ్చి పడేశారు. ఒకరు తీసినవి, ఇంకొకరు వేశారు!

పులుసు సంగతేమైందంటారా? గ్రిఫిత్ వైపు చెరువుల్లో మర్రే కాడ్‌ని పెంచి అమ్ముతారు. ఆదివారం అది తెచ్చాం. వీడియో కాల్లో మా అక్కయ్య చెప్తుంటే చింతపండు పిసికింది మేనల్లుడే. రుచి? కండ తెల్లగా, మెత్తగా, ముల్లు తక్కువగా... గోదారి జిల్లావాడు రెండోసారి వడ్డించుకున్నాడంటే ఇక సర్టిఫికెట్టు అక్కర్లేదు!

యువ పాఠకులారా, మీ ఊరి చెరువులోనో కాలవలోనో గాలం వేసే అలవాటు మీకుంటే ఒక్క మాట. కొర్రమీను పిల్లలగుంపు నీటిమీద ఎర్రగా కదులుతుంటే అక్కడ గాలం వెయ్యకండి. కింద అమ్మానాన్నలుంటారు. వాళ్లని లాగేస్తే ఆ గుంపు పక్కచేపలకి టిఫినే. వచ్చే ఏడు మీకు షో ఉండదు.

మంచి సినిమాకి చివర్న ‘శుభం’ కార్డు పడితే చప్పట్లు కొడతాం. కానీ ఈ ఒక్క సినిమాకి మాత్రం ఆ కార్డు ఎప్పటికీ పడకూడదు. ఏమంటారు?