తెలుగులో సముచ్చయాలు

పదాలను గానీ, వాక్యాలను గానీ ఒకదానితో ఒకటి కలిపే పదాలను, ప్రత్యయాలను సముచ్చయాలు అంటారు. తెలుగులో ఈ పనిని విడి పదాల కంటె ఎక్కువగా పదాల చివర వచ్చే మార్పులూ, అసమాపక క్రియలూ నిర్వహిస్తాయి. ఈ వ్యాసంలోని ఉదాహరణలు కొన్ని భీమవరం పరిసరాలకు సంబంధించినవి.

నామపదాలను కలపడం

రెండు నామాలను కలిపేటప్పుడు ప్రతి నామం చివరి అచ్చు దీర్ఘమవుతుంది.

* చేపలు, రొయ్యలు - చేపలూ రొయ్యలూ
* అన్న, వదిన - అన్నా వదినా
* పుస్తకం, కలం - పుస్తకమూ కలమూ

విభక్తి ఉన్నచోట దీర్ఘం దాని తరువాత చేరుతుంది: "భీమవరంలోనూ పాలకొల్లులోనూ పంచారామ క్షేత్రాలు ఉన్నవి." గ్రాంథిక భాషలో ఇదే పనిని "ను", "యు" చేస్తాయి: రాముడును సీతయు. తమిళంలోని "ఉమ్" కూడా ఇదే విధంగా ప్రతి పదం చివరా చేరుతుంది (అవనుమ్ అవళుమ్). ఈ దీర్ఘం ఒకే పదానికి వస్తే "కూడా" అనే అర్థం వస్తుంది: "అతడూ వచ్చాడు."

జాబితా పొడవైనప్పుడు పేర్లను వరుసగా చెప్పి, చివర వాటన్నిటికీ వర్తించే పదాన్ని చేర్చడం మరొక పద్ధతి: "భీమవరం, పాలకొల్లు, నరసాపురం పట్టణాలు."

ద్వంద్వ సమాసం

కొన్ని జంటలకు సముచ్చయమే అవసరం ఉండదు. ద్వంద్వ సమాసంలో రెండవ పదం మొదట ఉన్న క, చ, ట, త, ప లకు గ, స, డ, ద, వ లు వస్తాయి. దీనిని గసడదవాదేశ సంధి అంటారు. పరవస్తు చిన్నయ సూరి 1858 నాటి "బాలవ్యాకరణము"లో దీనిని సూత్రీకరించాడు.

* కూర + కాయ = కూరగాయలు
* తల్లి + తండ్రి = తల్లిదండ్రులు
* అన్న + తమ్ముడు = అన్నదమ్ములు

ఇటువంటి హల్లుల మార్పు బ్రిటన్‌లోని వెల్ష్ భాషలోనూ ఉన్నది. అయితే అక్కడ ఆ మార్పును తెచ్చేది సముచ్చయమే. "లేదా" అనే అర్థం గల వెల్ష్ పదం తరువాత కాఫీని సూచించే పదంలోని మొదటి "క" "గ"గా మారుతుంది.

వికల్పం

రెండింటిలో ఏదో ఒకటి అని చెప్పడానికి "గానీ", "లేదా", "లేక" వాడుతారు. "ఓ" చేరితే సందేహం కూడా ధ్వనిస్తుంది: "రేపో ఎల్లుండో వస్తాడు."

వాక్యాలను కలపడం

ఒకే కర్త చేసిన పనులను వరుసగా చెప్పేటప్పుడు చివరి క్రియ మాత్రమే సమాపకంగా ఉంటుంది. ఇటువంటి దానిని సంక్లిష్ట వాక్యం అంటారు. "రైతు చెరువు తవ్వి, నీరు పెట్టి, చేపపిల్లలను వదిలాడు" అన్న వాక్యంలో మూడు పనులున్నా కలిపే విడి పదం ఒక్కటీ లేదు.

* క్త్వార్థకం (ముందు జరిగిన పని): వచ్చి, తిని
* శత్రర్థకం (అదే సమయంలో జరిగే పని): నడుస్తూ, చదువుతూ
* చేదర్థకం (షరతు): వస్తే, చదివితే
* అప్యర్థకం (షరతుకు లొంగని ఫలితం): వచ్చినా, చదివినా

విడి పదాలుగా కనిపించే "అయితే", "అయినా", "కాబట్టి" కూడా "అగు" ధాతువు నుండి వచ్చినవే. "ఎందుకంటే"లో "అను" ధాతువు ఉన్నది. సమాన ప్రాధాన్యం గల వాక్యాలను ఇటువంటి పదాలతో కలిపితే సంయుక్త వాక్యం అవుతుంది: "2022 వరకు పశ్చిమ గోదావరి జిల్లాకు ఏలూరు కేంద్రం, కానీ ఆ సంవత్సరం ఏప్రిల్ 4 నుండి భీమవరం కేంద్రం."

"మరియు" వాడుక

"మరియు" పరాయి పదం కాదు. "మఱి" అనే పదానికి "యు" చేరగా ఏర్పడినది. ప్రాచీన కావ్యాలలోని వచన భాగాలు కొన్ని ఈ పదంతోనే మొదలవుతాయి. అక్కడ దీని అర్థం "అంతేకాక". రెండు నామాల మధ్య దీనిని తప్పనిసరిగా ఉంచే అలవాటు ఇంగ్లీషు వాక్య నిర్మాణాన్ని అనుసరించి ప్రకటనలలోనూ, అనువాదాలలోనూ బలపడింది. మాటలో ఎవరూ "అమ్మ మరియు నాన్న వచ్చారు" అనరు. "అమ్మా నాన్నా వచ్చారు" అంటారు.

ఇది శైలికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. "ఆధార్ కార్డు లేదా రేషన్ కార్డు మరియు పాస్ పుస్తకం తీసుకురావలెను" అన్న ప్రకటన చదివినవారికి, ఆధార్ కార్డు ఉంటే పాస్ పుస్తకం అక్కరలేదేమో అన్న అనుమానం వస్తుంది. "ఆధార్ కార్డు గానీ రేషన్ కార్డు గానీ తీసుకురావలెను, దానితో పాటు పాస్ పుస్తకమూ తేవలెను" అంటే అనుమానానికి తావుండదు. ఏ పదం దేనితో కలిసినదో పదం చివరనే తెలియడం తెలుగు సముచ్చయ పద్ధతిలోని సౌలభ్యం.