పైరుపై విమానము – ఇంధనపు లెక్క

కాణి యనగా మాగాణి. పాకము అనగా నీరు పారుట. కాణిపాకము పేరునకు పెద్దలు చెప్పు అర్థమిది. అచ్చట వరసిద్ధి వినాయకస్వామి వెలసినదియు బావిలోనే. అట్టి సీమలో బావి నీరెంత కలదో చూడక మడి తడుపబూనిన రైతు ఉండడు. పైరుపై మందు చల్లు విమానమును నడుపువానికిని మొదటి పాఠమిదియే. అతడు తన ఇంధనమును నిమిషములుగా లెక్కించుకొనవలెను.

ఒక ఉదాహరణము చూతము. రేణిగుంట విమానాశ్రయము నుండి కాణిపాకమునకు ఆకాశమార్గమున 65 కిలోమీటర్లకు పైచిలుకు. గంటకు 130 కిలోమీటర్లు పోవు చిన్న విమానమొకటి రెండు గంటల ఇంధనముతో బయలుదేరినదనుకొందము. పోవుటకు సుమారు అరగంట, మరలుటకు అరగంట. పగటివేళ నేలను చూచుచు నడుపు విమానమునకు 30 నిమిషముల ఇంధనము నిలువ యుండవలెనని అంతర్జాతీయ నియమము. ఇక పైరునకు దక్కినది అరగంటయే! ఎదురుగాలి వీచినచో అదియు తరుగును. కావుననే ఇట్టి విమానములకు పొలముల చేరువనే దిగుడుబాట నేర్పరచి, మందును ఇంధనమును అచ్చటనే నింపుదురు.

మరియొక చిక్కు కలదు. చేని గట్టు చేరినప్పుడెల్ల విమానము ఒరిగి మలుపు తిరుగును. తొట్టి అడుగంటియున్నచో మిగిలిన ఇంధనము ఒక ప్రక్కకు జరిగి, గొట్టములోనికి గాలి చొచ్చి, ఇంజను ఆగవచ్చును. అందుచేత ముల్లు చూపుదానినే నమ్మక, బయలుదేరుటకు ముందు కొలబద్దతో చూడవలెను.

1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానమున, పౌనులకును కిలోగ్రాములకును తేడా తప్పి, 12 కిలోమీటర్ల యెత్తున ఇంధనము తీరిపోయినది. ఆ యెత్తే వారిని కాపాడినది. విమానము గాలిలో జారుచు గిమ్లీ యను చోట దిగినది, అందరును బ్రదికిరి. పైరునకు మూడు నాలుగు మీటర్ల పైన ఎగురువానికి అట్టి వ్యవధి లేదు. ముందు మామిడితోట, ప్రక్కన విద్యుత్తు తీగలు, నడుమ దిగుడుబావి. ఇంజను ఆగినంతనే మందును జారవిడిచి బరువు తగ్గించుకొని, వెనుకకు తిరుగక, ఎదుటనున్న మేలైన చోటనే దిగవలెను. ఆ చోటు ఏదో పని మొదలిడక మునుపే చూచుకొనియుండవలెను.

నేడు మందు చల్లు డ్రోనునకు బ్యాటరీయే ఇంధనము. లెక్క మాత్రము ఇదియే. మిగిలిన ఒక్క చాలు కూడ ముగించి పోదమను ఆశ పెక్కు ప్రమాదములకు మూలము. ఆ చాలును తరువాత చల్లవచ్చును. మందు చల్లువాడు ఇక చాలునని మరలినప్పుడు, రైతు సోదరులారా, వానిని తొందరపెట్టకుడని మా మనవి.